ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా మందులెందుకు?

(ఎండోమెట్రియోసిస్ మీద మహిళల కోసం జరిగిన ఒక సభలో స్త్రీవైద్య నిపుణురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కాలేజీ అమ్మాయిలు కూర్చున్నారు, వెనక వాళ్ళ అమ్మలు ఉన్నారు. ఆ చివర కొందరు మగవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. మీరు రావడం నాకు చాలా సంతోషం. ఈరోజు నేను మాట్లాడబోయే మందు మధ్యలో ఆగిపోయిందంటే, చాలాసార్లు ఆపింది పేషెంటు కాదు, ఇంట్లో ఎవరో అన్న మాట.

ఎండోమెట్రియోసిస్ గురించి సభ పెడితే మామూలుగా ఒకటే మాట చెబుతాం. నెలసరి నొప్పిని తేలిగ్గా తీసుకోకండి, డాక్టరుకు చూపించుకోండి, స్కాన్ చేయించుకోండి అని. అది చెప్పాల్సిందే. ఈ జబ్బు తేలడానికే ఏళ్ళు పడుతుంది. ఈరోజు మాత్రం ఆ దశ దాటినవాళ్ళ గురించి మాట్లాడతాను. జబ్బు తేలింది, లాపరోస్కోపీ, అంటే పొట్టలో చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్, అయింది, కుట్లు మానాయి, ఇంటికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత సంగతి ఏమిటి?

నా దగ్గరికి వచ్చేవాళ్ళు పాత డిశ్చార్జి కాగితాలు తెస్తారు. వాటిలో ఆపరేషన్ గురించి అరపేజీ ఉంటుంది. ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (ఈ జబ్బు వల్ల పాత రక్తంతో నిండిన తిత్తి) ఉంది, తీసేశాం. పేగు గర్భసంచి వెనక భాగానికి అతుక్కుని ఉంది, విడదీశాం. దాని కింద మందులు: యాంటీబయాటిక్ 5 రోజులు, గ్యాస్ మాత్ర 5 రోజులు, నొప్పి మాత్ర అవసరమైతే, ఐరన్ మాత్ర నెల రోజులు. అన్నిటికన్నా చివర, డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి, నెల రోజులు. నెల తర్వాత రివ్యూ. ఆ చివరి మందు మిగతావాటి లాంటిది కాదని ఆ కాగితం చూస్తే తెలియదు. యాంటీబయాటిక్ లాగే అదీ ఒక కోర్సు అనుకుంటారు. షీటు అయిపోగానే మానేస్తారు. నొప్పి లేదు కాబట్టి రివ్యూకీ రారు. రెండు మూడేళ్ళ తర్వాత కొత్త స్కాన్ రిపోర్టుతో వచ్చి, "అప్పుడు సరిగ్గా తీయలేదా డాక్టర్ గారూ?" అని అడుగుతారు. చాలామందికి సరిగ్గానే తీసి ఉంటారు. తీసిన తర్వాత చేయాల్సిన వైద్యమే జరగలేదు.

ఎందుకు మళ్ళీ వస్తుందో చెబుతాను. గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర పెరుగుతుంది. గర్భం రాకపోతే ఊడి నెలసరిగా బయటికి వస్తుంది. అచ్చం అలాంటి కణజాలమే గర్భసంచి బయట పెరగడం ఈ జబ్బు. అండాశయాల్లో, గర్భసంచి వెనక, పొత్తికడుపు లోపలి పొర మీద, కొందరికి పేగు మీద, మూత్రాశయం మీద కూడా పెరుగుతుంది. నెలసరి రక్తంలో కొంత ట్యూబుల గుండా వెనక్కి, కడుపులోకి పోతుందని, అందులోని కణాలు అక్కడ పాతుకుంటాయని శాంప్సన్ అనే అమెరికన్ డాక్టరు 1927లో చెప్పాడు. అలా వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్ళలో జరుగుతుంది, జబ్బు అందరికీ రాదు. కాబట్టి ఆయన చెప్పినదే పూర్తి కథ కాదు. అయినా ఈరోజుకీ దాన్ని పక్కన పెట్టలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది.

పొలం పనులు తెలిసినవాళ్ళు ఇక్కడ ఉంటే తుంగ కలుపు సంగతి చెప్పక్కర్లేదు. పైన కనిపించినదంతా పీకేస్తాం, చేను శుభ్రంగా ఉంటుంది. మట్టిలో గడ్డలు ఉండిపోతాయి, తడి తగలగానే మళ్ళీ లేస్తాయి. ఆపరేషన్‌లో మేం కంటికి కనిపించినది తీస్తాం. కెమెరాకు కూడా దొరకని చుక్కలు ఉండిపోవచ్చు. పైగా ఆపరేషన్ చేసినంత మాత్రాన అండాశయం పని ఆగదు. మళ్ళీ అండం విడుదలవుతుంది, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వస్తుంది, నెలసరి వస్తుంది. మిగిలినదానికి తడి తగులుతూనే ఉంటుంది.

మళ్ళీ రావడం ఎంతమందికి? అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2009లో ఒక సమీక్ష వచ్చింది. ఆపరేషన్ అయిన 2 ఏళ్ళకు సుమారు 21 శాతం మందికి, 5 ఏళ్ళకు 40 నుంచి 50 శాతం మందికి జబ్బు తిరగబెట్టిందని అందులో తేలింది. అంటే ఐదేళ్ళలో దాదాపు ఇద్దరిలో ఒకరికి. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే అది మా తప్పే.

"వస్తే మళ్ళీ ఆపరేషన్ చేయించుకుంటాం" అంటారు కొందరు. వాళ్ళ కోసం ఆపరేషన్ థియేటర్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. చాక్లెట్ సిస్ట్ పగలగానే ముదురు గోధుమ రంగులో చిక్కటి పాత రక్తం వస్తుంది. దాన్ని పీల్చేసి, కడిగి, సిస్ట్ గోడను పట్టుకుని అండాశయం నుంచి విడదీస్తాం. మామూలు నీటి సిస్ట్ అయితే గోడ తేలిగ్గా ఊడి వస్తుంది. ఇది అలా రాదు. కండకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎంత నేర్పున్న చేయి అయినా, ఆ గోడ వెంట ఆరోగ్యంగా ఉన్న అండాశయం సన్నని పొరగా కొంత ఊడి వస్తుంది. అండాలు ఉండేది ఆ పొరలోనే. రక్తం కారే చోట కాల్చి ఆపుతాం, ఆ వేడికి ఇంకొన్ని పోతాయి. అందుకే ఆపరేషన్ తర్వాత ఏఎంహెచ్ పరీక్ష, అంటే అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, చేస్తే చాలామందికి తగ్గి కనిపిస్తుంది. ఒకసారికి అండాశయం తట్టుకుంటుంది. అదే అండాశయం మీద రెండోసారి, మూడోసారి చేస్తే మిగిలేది తక్కువ. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి మొదటి ఆపరేషన్ చేసినప్పుడు నా దృష్టంతా దీనిమీదే ఉంటుంది. ఈ అమ్మాయికి రెండో ఆపరేషన్ రాకూడదు. హార్మోన్ మందు ఇచ్చేది అందుకే.

మందు ఏం చేస్తుంది? మందును బట్టి పద్ధతి మారుతుంది గానీ పని ఒకటే. అండం విడుదలను ఆపడం, ఈస్ట్రోజెన్‌ను తగ్గించడం, లేదా ప్రొజెస్టరాన్ లాంటి మందుతో ఆ పొర పెరగకుండా పలచబరచడం. పొర పెరగకపోతే రక్తస్రావం ఉండదు, వాపు ఉండదు, నొప్పి తగ్గుతుంది. అయితే ఈ మందులు జబ్బును అణిచి ఉంచుతాయి, వేళ్ళతో సహా తీసేయవు. వాడినన్నాళ్ళే రక్షణ. ఆరు నెలలు వాడి ఆపేస్తే, రక్షణ కూడా ఆరు నెలలతోనే ఆగుతుంది. "కోర్సు ఎన్నాళ్ళు?" అని అడిగితే నా జవాబు ఇది: పిల్లలు కావాలనుకునే రోజు దాకా. పిల్లలు వద్దనుకుంటే, లేదా కనడం అయిపోతే, మెనోపాజ్ దగ్గరపడే దాకా. మధ్యలో మందు మార్చవచ్చు, మోతాదు మార్చవచ్చు, కొన్నాళ్ళు ఆపి చూడవచ్చు. ఆ నిర్ణయం ఇద్దరం కూర్చుని తీసుకోవాలి. షీటు అయిపోవడం దానికి కారణం కాకూడదు.

ఇక్కడ అమ్మలు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. నెల నెలా రాకపోతే చెడు రక్తం లోపలే ఉండిపోదా అని. ఉండిపోదమ్మా. బయటికి రావాల్సిన పొరే లోపల తయారవడం లేదు. తయారు కానిది పేరుకోదు. నెలసరి రక్తం చెడు రక్తం కూడా కాదు. పైగా ఈ జబ్బు ఉన్న అమ్మాయికి నెలసరి తగ్గేకొద్దీ మేలు. వేవిళ్ళు, కాన్పు, పాలివ్వడం, మళ్ళీ వేవిళ్ళు, ఇలా గడిపిన మన అమ్మమ్మలకు జీవితం మొత్తం మీద వచ్చిన నెలసరుల సంఖ్య మన అమ్మాయిలకు వచ్చేవాటికన్నా ఎంతో తక్కువ.

ఇంకో విషయం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. ఇంట్లో పెళ్ళి ఉందన్నా, వ్రతం ఉందన్నా, తిరుపతి ప్రయాణం ఉందన్నా మెడికల్ షాపుకు వెళ్ళి నెలసరి వాయిదా వేసే మాత్ర కొనుక్కొస్తాం. డాక్టరు చీటీ కూడా ఉండదు. అమ్మే కొనిపెడుతుంది. ఆ మాత్ర నోరెథిస్టెరాన్, 5 మిల్లీగ్రాములు. అది హార్మోనే, ప్రొజెస్టరాన్ కుటుంబంలోదే. ఈ జబ్బుకు వాడే మందుల్లో అదీ ఒకటి. పూజ కోసం వేసుకున్నప్పుడు రాని భయం, ప్రతి నెలా మెలికలు తిరిగిపోయే పిల్ల నొప్పి కోసం వేసుకోమంటే వస్తుంది. "హార్మోన్లా? వద్దండీ, లావైపోతుంది, పెళ్ళి కావాల్సిన పిల్ల" అంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటికి వెళ్ళి ఒకసారి ఆలోచించండి.

సరే, మందుల సంగతికి వస్తాను. మన దగ్గర ఎక్కువగా రాసేది డైనోజెస్ట్. రోజూ ఒకే వేళకు ఒక మాత్ర, మధ్యలో విరామం లేకుండా. నెలసరి వచ్చినా ఆపకూడదు. వేసుకున్న మూడు నాలుగు గంటల్లో వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. మొదటి రెండు మూడు నెలలు చాలామందికి మరకలు కనిపిస్తాయి. ఒకరోజు ఉంటుంది, రెండు రోజులు ఉండదు, మళ్ళీ వస్తుంది. మందు మానేసేది ఎక్కువగా ఈ దశలోనే. మానేయకండి. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. చుక్క కనిపించిన రోజుకు ఒక చిన్న గీత, ప్యాడ్ వాడాల్సి వస్తే రెండు గీతలు. మూడు నెలల తర్వాత ఆ క్యాలెండర్ చూస్తే గీతలు తగ్గుతూ రావడం మీకే కనిపిస్తుంది. తగ్గకపోతే అదే క్యాలెండర్ పట్టుకుని నా దగ్గరికి రండి. దానికీ మార్గాలున్నాయి. ఈ మాత్రను గర్భనిరోధకంగా నమ్ముకోకూడదని కూడా గుర్తుంచుకోండి. పెళ్ళయినవాళ్ళు కండోమ్ వాడాలి. కొన్ని ఫిట్స్ మందులు, టీబీకి వాడే రిఫాంపిసిన్ లాంటివి దీని బలాన్ని తగ్గిస్తాయి. అలాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి.

రెండోది హార్మోన్ లూప్. మిరీనా అనే పేరుతో చాలామందికి తెలుసు. 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉన్న చిన్న పరికరం, గర్భసంచిలో పెడతాం. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా మందు వదులుతుంది. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. రక్తంలోకి వెళ్ళే మందు కూడా తక్కువ. గర్భసంచి గోడలోనే జబ్బు ఉన్నవాళ్ళకు, అంటే అడినోమయోసిస్ ఉన్నవాళ్ళకు, ఇంకా మంచిది. ఇటలీలోని మిలాన్‌లో 2003లో వచ్చిన చిన్న అధ్యయనం ఒకటుంది. ఆపరేషన్ తర్వాత 20 మందికి లూప్ పెట్టారు, 20 మందికి ఏమీ ఇవ్వలేదు. ఏడాది తర్వాత లూప్ ఉన్నవాళ్ళలో ఇద్దరికి తీవ్రమైన లేదా ఓ మోస్తరు నెలసరి నొప్పి తిరిగొచ్చింది. మందు లేనివాళ్ళలో తొమ్మిది మందికి వచ్చింది. అయితే లూప్ వేసినా చాలామందికి అండం విడుదలవుతూనే ఉంటుంది. అందుకే చాక్లెట్ సిస్ట్ ఉన్నవాళ్ళకు ఇదొక్కటే చాలుతుందా అని నేను ఆలోచించి గానీ రాయను. పెళ్ళికాని అమ్మాయికి లూపా అని అమ్మలు గుండెలు బాదుకుంటారు. లాపరోస్కోపీ కోసం మత్తు ఇచ్చినప్పుడే పెట్టేస్తే నొప్పి తెలియదు. కాబట్టి ఈ మాట ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి, తర్వాత కాదు.

మూడోది మామూలు గర్భనిరోధక మాత్ర. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ కలిసినది. దీని మీద ఇటలీలోనే బొలోన్యాలో 2010లో మంచి అధ్యయనం వచ్చింది. చాక్లెట్ సిస్ట్ తీసిన తర్వాత 2 ఏళ్ళు చూశారు. మాత్ర వాడనివాళ్ళలో 29 శాతం మందికి సిస్ట్ తిరిగొచ్చింది. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపినవాళ్ళలో సుమారు 15 శాతం మందికి, ఆపకుండా వాడినవాళ్ళలో 8 శాతం మందికి వచ్చింది. అందుకే ఈ జబ్బుకు మేం ఈ మాత్రను విరామం లేకుండా వాడమంటాం. 35 దాటి పొగతాగే అలవాటున్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు మాత్రం వాడకూడదు. ఆపరేషన్ అయ్యాక బాగా తిరగగలిగే దాకా ఆగి మొదలుపెట్టాలి.

మూడు నెలలకోసారి వేసే మెడ్రాక్సీప్రొజెస్టరాన్ ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతర పేరుతో ఉచితంగా దొరుకుతుంది. అక్కడ ఇచ్చేది కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం. మందు మాత్రం ఈ జబ్బుకూ పనిచేస్తుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు దీని గురించి డాక్టరును అడగండి. కాకపోతే ఆపిన తర్వాత గర్భం రావడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. ఎముకలు కొంత పలచబడతాయి. ఏడాదికి పైగా వాడినవాళ్ళలో మెదడు పొరల్లో వచ్చే ఒక రకం గడ్డ ముప్పు పెరుగుతుందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం చూపింది. ఆ గడ్డ చాలా అరుదు, అయినా తెలిసి ఉండాలి. అందుకే పిల్లలు త్వరగా కావాలనుకునేవాళ్ళకు, మరీ చిన్న వయసు వాళ్ళకు నేను దీన్ని ముందు రాయను.

వీటిలో ఏది మేలు? బ్రిటన్‌లో 34 ఆసుపత్రుల్లో 405 మందిని మూడేళ్ళు గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత సగం మందికి లూప్ లేదా ఇంజెక్షన్, సగం మందికి గర్భనిరోధక మాత్ర. రెండు వర్గాల్లోనూ నొప్పి మొదటికన్నా సుమారు 40 శాతం తగ్గింది, రెంటికీ తేడా లేదు. మళ్ళీ ఆపరేషన్ గానీ, ఇంకో వైద్యం గానీ అవసరమైనవాళ్ళు మాత్రం లూప్, ఇంజెక్షన్ వర్గంలో తక్కువ. దీన్నుంచి నేను అర్థం చేసుకున్నది, ఏ మందు అన్నదానికన్నా మీరు ఏళ్ళ తరబడి వదలకుండా వాడగలిగేది ఏది అన్నదే ముఖ్యం. 40 శాతం అంటే నొప్పి మొత్తం పోలేదు. మందు వాడుతున్నా నొప్పి ఉందంటే ఆ అమ్మాయి నాటకాలాడుతున్నట్టు కాదు. కటి కండరాలు బిగుసుకుపోయి ఉండవచ్చు, నరాలు ఏళ్ళ నొప్పికి సున్నితమై ఉండవచ్చు. ఫిజియోథెరపీ లాంటివి తోడు కావాలి.

ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ గురించి కూడా చెప్పాలి, మన ఊళ్ళలో ఆపరేషన్ కాగానే ఇచ్చేది చాలాచోట్ల అదే. నెలకోసారి 3.75 మిల్లీగ్రాములు. శరీరాన్ని తాత్కాలికంగా మెనోపాజ్‌లోకి నెడుతుంది. నొప్పికి బాగా పనిచేస్తుంది. పాతికేళ్ళ అమ్మాయికి ఒళ్ళంతా సెగలు, రాత్రుళ్ళు చెమటలు, నిద్ర పట్టకపోవడం. ఎముకల బలం తగ్గుతుంది కాబట్టి ఒట్టిగా ఆరు నెలలు మించి ఇవ్వకూడదు. ఇంకా పొడిగించాలంటే కొద్దిపాటి హార్మోన్ తోడుగా ఇవ్వాలి. మొదటి ఇంజెక్షన్‌తోనే ఆ తోడు మందు ఇవ్వడం మంచిదని నేను నమ్ముతాను. అడగండి. ఏళ్ళ తరబడి వాడే వైద్యానికి ఇది మొదటి ఎంపిక కాదు. డానజోల్ అనే పాత మందు ఒకటుంది, 1970ల నుంచి వాడారు. గొంతు బొంగురుపోతుంది, ఒక్కోసారి మళ్ళీ మామూలు కాదు. నేను రాయను.

దుష్ఫలితాల గురించి దాచిపెట్టి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. బరువు కొందరికి పెరుగుతుంది, అందరికీ కాదు. తలనొప్పి, రొమ్ముల్లో బరువు, మొటిమలు, చిరాకు, కోరిక తగ్గడం, ఇవన్నీ ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ ముప్పు వాడుతున్న కాలంలో స్వల్పంగా పెరుగుతుంది, మానేశాక క్రమంగా తగ్గుతుంది. చిన్న వయసులో ఆ జబ్బే అరుదు కాబట్టి ఆ పెరుగుదల లెక్కలో చాలా కొద్ది. ఇంట్లో అమ్మకో అక్కకో వచ్చి ఉంటే ముందే చెప్పండి. రెండు హార్మోన్లూ కలిపిన గర్భనిరోధక మాత్ర అండాశయ క్యాన్సర్‌ను తగ్గిస్తుందన్నది కూడా అంతే నిజం. ఎముకల విషయంలో 18 ఏళ్ళు నిండని అమ్మాయిలతో జాగ్రత్తగా ఉండాలి, ఎముక గట్టిపడే వయసు అదే. టీనేజ్ అమ్మాయిలకు డైనోజెస్ట్ ఏడాది ఇచ్చి చూస్తే వెన్నెముక సాంద్రత సగటున 1.2 శాతం తగ్గింది, మానేశాక కొంత తిరిగి వచ్చింది. అందుకని మందే వద్దనడం కాదు. రాగులు, నువ్వులు, పాలు, పెరుగు, ఎండ, నడక. విటమిన్ డి పరీక్ష చేయించి తక్కువుంటే వేసుకోవడం.

ఇప్పుడు గర్భసంచి. దీని గురించి మాట్లాడకుండా మన రాష్ట్రాల్లో ఈ జబ్బు గురించి మాట్లాడలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. "నొప్పి అంటున్నావు, పిల్లలు పుట్టారు, తీయించేసుకుంటే పీడా పోతుంది" అన్న మాట ముప్పై ఏళ్ళ ఆడపిల్లలకు ఎంత సులువుగా చెబుతున్నామో చూడండి. ఈ జబ్బు ఉండేది గర్భసంచి బయట. గర్భసంచి తీసేసి జబ్బును వదిలేస్తే నొప్పి ఉంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్ళకే మెనోపాజ్, ఆ వెనకే ఎముకలు, గుండె సమస్యలు. గర్భసంచి తీయక తప్పనివాళ్ళు ఉంటారు, నేనూ తీస్తాను. అది లూప్, మాత్రలు అన్నీ సరిగ్గా వాడి చూశాక మాట్లాడాల్సిన మాట. మూడు నెలల మాత్రలు కూడా వాడని మనిషితో మాట్లాడాల్సింది కాదు.

అలాగే "పెళ్ళయితే తగ్గిపోతుంది, ఒక కాన్పయితే సర్దుకుంటుంది" అనడం మానుకుందాం. గర్భంతో ఉన్నన్నాళ్ళు కొందరికి నొప్పి తగ్గుతుంది, అది మందు కాదు. వైద్యం కోసం బిడ్డను కనమని ఎవరికీ సలహా ఇవ్వకూడదని 2022లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలు కూడా స్పష్టంగా చెప్పాయి.

ఇక మీరు అడగండి.

— మేడమ్, మా అమ్మాయికి ఇరవై ఏళ్ళు. మొన్ననే ఆపరేషన్ అయింది. ఇన్నేళ్ళు ఈ మాత్ర వాడితే రేపు పిల్లలు పుట్టరని మా అత్తగారు గొడవ చేస్తున్నారు.

అత్తగారిని ఈసారి వెంటబెట్టుకుని రండమ్మా, నేనే చెబుతాను. డైనోజెస్ట్ ఆపిన నెల, నెలన్నరలో మామూలుగా అండం విడుదల మొదలవుతుంది. పిల్లలు పుట్టడానికి అడ్డు వచ్చేది మాత్ర కాదు, జబ్బు. సిస్ట్ మళ్ళీ రావడం, ట్యూబులు అతుక్కుపోవడం, అండాశయం మీద మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. మాత్ర వాటిని దూరంగా ఉంచుతుంది. పిల్లలు పుడతారని గ్యారంటీ ఇవ్వలేను, ఈ జబ్బు ఉన్నా లేకపోయినా ఎవరికీ ఇవ్వలేను. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఈ మాత్ర దాచిపెట్టి మానిపించకండి. పెళ్ళి నెల ముందు మానేసి, కొత్త ఇంట్లో నొప్పితో పడిపోయిన అమ్మాయిలను చూశాను. ఏడాదికోసారి స్కాన్ చేయించండి. 

— డాక్టర్ గారూ, మా ఆవిడకు ఆపరేషన్ అయి రెండు నెలలైంది. మాకు పిల్లలు కావాలి. ముందు ఆరు నెలలు ఇంజెక్షన్లు వేయించుకుని తర్వాత ప్రయత్నించమన్నారు.

ఇద్దరూ ఇప్పుడే పిల్లల కోసం ప్రయత్నించగలిగే పరిస్థితిలో ఉంటే, గర్భం బాగా వస్తుందని చెప్పి హార్మోన్లతో అండాశయాన్ని నిద్రపుచ్చడం సరికాదు. దానివల్ల గర్భం వచ్చే అవకాశం పెరగదు. నేనిందాక చెప్పిన యూరప్ మార్గదర్శకాల్లో కూడా అదే ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చే మొదటి నెలలు మీకు విలువైనవి. మీ ఆవిడ వయసు, ఏఎంహెచ్, ట్యూబుల పరిస్థితి, మీ వీర్య పరీక్ష, ఈ నాలుగూ ముందు పెట్టుకుని మీ డాక్టరును అడగండి, "ఈ ఇంజెక్షన్ నొప్పి కోసమా, పిల్లల కోసమా?" అని. నొప్పి కోసం అయితే కారణం ఉంది. ఏడాది తర్వాత ప్రయత్నిద్దాం అనుకుంటే కూడా అప్పటిదాకా మందు వాడడం మంచిదే. మీ వీర్య పరీక్ష అయిందా? కాలేదా. ఈ వారమే చేయించండి.

— మేడమ్, నేను ఆ డైనోజెస్ట్ మాత్రే వాడుతున్నా. నొప్పి లేదు. కానీ అది మొదలుపెట్టాక ఊరికే ఏడుపొస్తోంది. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, టెన్షన్ వల్లేమో అంటోంది అమ్మ. మానేయాలంటే భయం, సిస్ట్ మళ్ళీ వస్తుందని.

టెన్షన్ కూడా కావచ్చమ్మా. కానీ మాత్ర మొదలుపెట్టాకే వచ్చిందంటున్నావు కాబట్టి, ముందు మాత్రనే అనుమానించాలి. డిప్రెషన్ దీనికి తెలిసిన దుష్ఫలితమే, నీ ఊహ కాదు. నొప్పి పోయింది కదా అని ఏడుస్తూ భరించాల్సిన పని లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను, నిన్ను విడిగా అడుగుతాను. వచ్చి ఉంటే మాత్ర ఈరోజే ఆపుతాం, సైకియాట్రిస్టు దగ్గరికి నేనే పంపిస్తాను. కొన్ని వారాలు మందు లేనంత మాత్రాన సిస్ట్ ఊడిపడదు. ఆ సమయంలో వేరేది చూసుకోవచ్చు. కలిపిన మాత్ర కొందరికి మనసు మీద ఇంత ప్రభావం చూపదు, లూప్‌లో రక్తంలోకి వెళ్ళే మందు తక్కువ. ఒకటి పడలేదంటే అన్నీ పడవని కాదు. మీ అమ్మగారు వచ్చారా? ఇద్దరూ ఉండండి, ఇక్కడ అయ్యాక మాట్లాడుకుందాం.